ఎక్కనివ్వని బస్సులే మనకు ముద్దు

హైదరాబాద్ తన బస్సుల చరిత్రను దాచుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నిజాం ప్రభుత్వం మొదలుపెట్టిన సర్వీసు తాలూకు ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ పదిలంగా ఉంది. ఆర్టీసీ నంబరు ప్లేటు మీద జడ్ అక్షరమూ ఉంది. ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద దాన్ని పెట్టించాడని చెబుతారు. రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఉమ్మడి రాష్ట్రమూ పోయింది. జడ్ మాత్రం ఒక్క ట్రిప్పూ తప్పలేదు. మంచిదే. కాకపోతే ఆ వారసత్వంలో జనాన్ని ఎక్కించుకోనివాటినే మనం నెత్తిన పెట్టుకున్నాం. ఎక్కించుకునేవాటిని ఒక్కొక్కటిగా వదిలించుకుంటూ వచ్చాం.

ముందుగా వదిలించుకున్నది అందులోని తెలివిని. 1932 నాటి శాఖ రైలునూ రోడ్డునూ కలిపి నడిపింది. రైలు దిగినవాణ్ణి ఊరికి చేర్చాల్సిన బాధ్యతా అదే ఆఫీసుది. 1951లో బస్సులు రైల్వే నుంచి విడిపోయి రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి, 1958లో కార్పొరేషన్ అయ్యాయి. అక్కడిదాకా అర్థం చేసుకోవచ్చు. ఆ తర్వాత 2003లో ఎంఎంటీఎస్ రైల్వేవాళ్లది, 2017లో మెట్రో కంపెనీవాళ్లది, సిటీ బస్సు ఆర్టీసీది. ముగ్గురికీ ప్రయాణికుడు ఒక్కడే, అతనికి మాత్రం టికెట్లు మూడు. రాచరికంలో ఒక శాఖ చేసిన పనికి ప్రజాస్వామ్యంలో సమన్వయ సమావేశం కావాల్సి వస్తోంది. సమావేశంలో టీ అయినా వేళకు వస్తుందని ఆశిద్దాం.

డబుల్ డెక్కర్ సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. దశాబ్దాల పాటు సికింద్రాబాద్ నుంచి పాతబస్తీ దాకా జనాన్ని మోసిన ఆ బస్సులను 2000 దశకం మొదట్లో ఆపేశారు. ఫ్లైఓవర్లు అడ్డం, నష్టాలు అన్నారు. 2023 ఫిబ్రవరిలో, సరిగ్గా ఫార్ములా ఈ కార్ల పందెం వేళకు, అవే ఫ్లైఓవర్లున్న ఊళ్లోకి డబుల్ డెక్కర్లు తిరిగొచ్చాయి, అదీ కరెంటువి. కొన్నది ఆర్టీసీ కాదు, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ. తిప్పింది ట్యాంక్‌బండ్ చుట్టూ, ఊరు చూపించడానికి. ఆఫీసుకు వెళ్లేవాడికి అడ్డమొచ్చిన ఫ్లైఓవరు షికారుకు వెళ్లేవాడికి పక్కకు తప్పుకుంటుందన్నమాట. పాత జ్ఞాపకాన్ని బతికించడం తప్పా అని అడగవచ్చు. తప్పు కాదు. ఆ జ్ఞాపకానికి రూటు నంబరు ఇవ్వకపోవడమే వింత.

వాడుకలో ఉన్న చరిత్రకు ఏ గతి పడుతుందో గౌలిగూడ చెప్పింది. విమానాల కోసమని కట్టిన భారీ ఇనుప షెడ్డు అక్కడ 1930లలోనే బస్ స్టేషన్ అయింది. 1994లో ఇమ్లీబన్‌లో కొత్త స్టేషన్ వచ్చాక సిటీ బస్సులకు నీడనిచ్చింది. ఎనభై ఏళ్లకు పైగా బస్సులనూ మనుషులనూ కాచి, 2018 జులై 5న కూలిపోయింది. అంతకు కొద్ది రోజుల ముందే బస్సులను అక్కణ్నుంచి తరలించారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ మాత్రం మర్యాద ఇనుముకు ఉంది.

నష్టాలొచ్చే సంస్థ ఇన్ని బస్సులు ఎలా నడుపుతుంది అన్నది గట్టి ప్రశ్నే. సిటీ సర్వీసుకు డీజిలు ఎక్కువ, ట్రాఫిక్‌లో ట్రిప్పులు తక్కువ, చార్జీ పెంచితే గోల. నిజమే. కానీ బస్సుకు అడిగినట్టు ఫ్లైఓవరుకు ఓఆర్ (సీట్ల భర్తీ శాతం) ఎంత అని ఎవరూ అడగరు. ఒక్కొక్కరు కూర్చున్న కార్లు దాని మీద బారులు తీరితే అది అభివృద్ధి. నిలబడి వేలాడే జనంతో కిక్కిరిసిన బస్సు నష్టం. 2019లో 52 రోజుల సమ్మె ముగిశాక హైదరాబాద్‌లో బస్సులను వందల్లో తగ్గించారు. కొన్నింటిని సీట్లు పీకి కార్గో బండ్లు చేశారు. పార్సిల్ ‘హోల్డాన్’ అని అరవదు, చిల్లర అడగదు, అందుకే కాబోలు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ కొలమానం ప్రకారం మేలైన సేవ అంటే లక్ష జనాభాకు 60 బస్సులు. కోటి దాటిన నగరానికి ఆరు వేలకు పైగా కావాలి. అందులో సగం చూసే మనం మురిసిపోతున్నాం. రద్దీ అంతా 2023 డిసెంబరులో వచ్చిన మహిళల ఉచిత ప్రయాణం వల్లే అనేవారు, అంతకు నాలుగేళ్ల ముందే మాయమైన బస్సులను ఏ జీరో టికెట్ మీద రాస్తారో చెప్పాలి.

ఇప్పుడు ఆశలన్నీ ఎలక్ట్రిక్ బస్సుల మీద ఉన్నాయి. 2019లో మియాపూర్, కంటోన్మెంట్ డిపోల నుంచి 40 బస్సులతో మొదలైన ఆ ఏర్పాటులో బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి; ఆర్టీసీ కిలోమీటరుకు ఇంతని కట్టుకుంటూ పోతుంది. పొగ లేదు, మోత లేదు, గాలి బాగుపడుతుంది, కాదనలేం. నగరం నడిబొడ్డుకు వచ్చేసిన డిపో స్థలం మాత్రం ఇంకా ఆర్టీసీదే. ఆ స్థలానికి గజం ధర ఎంతో ఊళ్లో చాలామంది నోటికి చెప్పగలరు. అక్కణ్నుంచి మొదటి బస్సు ఎన్నింటికి బయల్దేరుతుందో మాత్రం అడగకండి.