భోజనం, వసతి కలదు

మా హోటల్ గుమ్మం పక్కన ఒక బోర్డు ఉంటుంది. "దోశ మాస్టర్, సప్లయర్లు, క్లీనింగ్ కుర్రాళ్లు కావలెను. భోజనం, వసతి కలదు." మొదట్లో కాగితం మీద రాసి అంటించేవాళ్లం. అది వానకి తడిసేది, ఎండకి వెలిసేది. ఖాళీ మాత్రం అలాగే ఉండేది. చివరికి మా నాన్నగారు విసుగెత్తి రేకు మీద ఎనామిల్ పెయింటుతో రాయించేశారు. ఓసారి గోడకి సున్నం వేయించడానికి దాన్ని దించితే, రోజూ పేపర్ చదవడానికొచ్చే పెన్షనర్లు కంగారుపడి "ఏంటండీ, హోటల్ ఎత్తేస్తున్నారా?" అని అడిగారు.

రాజమండ్రిలో టిఫిన్ హోటల్ నడపడమంటే పెసరట్లతో వేగడమే కదా అనుకుంటారు జనం. పెసరట్టుతో వేగడం తేలికే. వేసేవాడితో వేగడమే కష్టం.

ఆ బోర్డు చూసి ఎవరైనా మాస్టరు లోపలికొస్తే ఇంటర్వ్యూ మొదలవుతుంది. చేసేది ఆయన, ఇచ్చేది నేను. పెనం ఎంత మందం? బర్నర్లు ఎన్ని? పిండి రుబ్బడానికి వేరే మనిషున్నాడా, అదీ నా నెత్తినేనా? పడుకునేది శ్లాబు కిందా, రేకుల కిందా? ఫోన్ సిగ్నల్ అందుతుందా? అన్నీ అయ్యాక కాస్త గొంతు తగ్గించి, "ఇంతకుముందు మాస్టరు ఎందుకెళ్లిపోయాడండీ?" అంటాడు. దీనికి జవాబు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. "వాళ్లూళ్లో సొంతంగా బండి పెట్టుకున్నాడండి." మా దగ్గర పనిచేస్తే బాగుపడతారన్న పేరు దీనివల్లే వచ్చింది. కొందరి విషయంలో ఆ మాట నిజం కూడా.

తర్వాత ఆయన పెనం మీద నీళ్లు చిలకరిస్తాడు. సగం కోసిన ఉల్లిపాయతో ఓ రుద్దు రుద్దుతాడు. గరిటెడు పిండి పోసి చుట్టూ తిప్పి, కాలాక ముక్క తుంచి నాకివ్వకుండా తన నోట్లోనే వేసుకుంటాడు. కళ్లు మూసుకుని కాసేపాలోచించి, "పిండి పులిసిపోయిందండి. రేపట్నించి నేను చూసుకుంటాలెండి" అంటాడు. అంటే నేను సెలెక్టయ్యానన్నమాట.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్నాడు. సెలవులకొచ్చి ఇదంతా చూసి తల కొట్టుకున్నాడు. "మావయ్యా, మనిషి మీద ఆధారపడితే వ్యాపారం కాదు, సంసారం అవుతుంది. కొలతలు రాసుకో, ఎవడొచ్చినా అదే రుచి వస్తుంది" అన్నాడు. వెంటనే ఎలక్ట్రానిక్ తక్కెడ, నోటు పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. నేను గల్లాపెట్టె దగ్గర్నుంచి చెవి అటే వేశాను.

"మాస్టారూ, దోశ పిండిలో మెంతులు ఎన్ని గ్రాములు?"

"ఎండాకాలానికా, చలికాలానికా?"

"ఎండాకాలానికి."

"బియ్యం పాతవా, కొత్తవా?"

"పాతవనుకోండి."

"అనుకుంటే అయ్యే పని కాదు బాబూ. ముందు బియ్యం చూపించండి."

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మే నెల ఎండల్లో నాలుగైదు గంటల్లోనే పొంగి గిన్నె దాటే పిండి డిసెంబరులో రాత్రంతా దుప్పటి కప్పినా బద్ధకంగానే ఉంటుంది. అది తెలిసిన చెయ్యికి తక్కెడతో పనేముంది? అయినా మావాడు వదల్లేదు. బియ్యం తూచాడు, పప్పు తూచాడు, నీళ్లు కొలిచాడు. ఉప్పు దగ్గరికొచ్చేసరికి మాస్టరు "బాబూ, కొంచెం ఆ కిటికీలో నా ఫోన్ చార్జింగ్ అయిందేమో చూడండి" అన్నాడు. వాడు చూసొచ్చేలోపు ఉప్పు పడిపోయింది. మర్నాడు కూడా ఉప్పు వేళకే ఫోన్ చార్జింగ్ అయింది. మావాడి పుస్తకంలో అన్నీ గ్రాముల్లో ఉన్నాయి, ఒక్క ఉప్పు ఎదురుగా మాత్రం "తగినంత" అని ఉంది.

ఇక అడ్వాన్సు సంగతి. కంపెనీల్లో ఉద్యోగిని నోటీసు పీరియడ్‌తో కట్టేస్తారట. మా వ్యాపారంలో అడ్వాన్సుతో కట్టేస్తాం, అంటే కట్టేశామనుకుంటాం. మాస్టరు చేరినరోజే కొంత తీసుకుంటాడు. చెల్లెలి పెళ్లికి కొంత, ఇంటి రేకులకి కొంత. బాకీ పెరిగినకొద్దీ మనిషి నిలుస్తాడని మా నాన్నగారి సిద్ధాంతం. కానీ బాకీ పెరిగినకొద్దీ భయం పెరిగేది ఇచ్చినవాడికి. ఆయన దోశ మాడ్చినా నోరెత్తలేను, ఆలస్యంగా లేచినా "ఒంట్లో బాగాలేదా మాస్టారూ?" అని పరామర్శించాలి. ఈ మధ్య కొత్త పద్ధతి వచ్చింది. 2027లో గోదావరి పుష్కరాలు కదా, అప్పుడు మాస్టర్లు దొరకరని తెలిసినవాళ్లు ఇప్పట్నించే అడ్వాన్సులిచ్చి పెట్టుకుంటున్నారు. పుణ్యస్నానాలకింకా టైముంది గానీ మేం మునగడం అప్పుడే మొదలైంది.

కొందరు కస్టమర్లని చూస్తే నాకు గుండె దడ. ప్లేటు వైపు చూడకుండా వంటింటి వైపు చూస్తూ నిదానంగా తినేవాడు కచ్చితంగా ఇంకో హోటల్ ఓనరే. దోశ తిన్నంతసేపూ మాస్టరు చేతుల్నే చూస్తాడు. చెయ్యి కడుక్కునే వంకతో లోపలికి వెళ్తాడు. మంచి మనసుతో టిప్పిస్తున్నట్టు వంద నోటు చేతిలో పెడతాడు. ఆ నోటు మడతలో ఫోన్ నంబరుంటుంది. ఆ చూపు నేను ఇట్టే పట్టేస్తాను. పక్క ఊరి హోటళ్లకి వెళ్తే నేనూ అలాగే తింటాను మరి.

ఇంతకీ వెళ్లేవాళ్లు ఎందుకెళ్తారంటే జీతం కోసమని అందరూ చెబుతారు. నేను నమ్మను. తెల్లవారుజామున మూడున్నరకి పొయ్యి వెలగాలి. ఆరింటికి మొదటి వాయి ఇడ్లీ దిగాలి. పదకొండుకి టిఫిన్లు ముగుస్తాయి, కడుగుళ్లయ్యేసరికి పన్నెండున్నర. సాయంత్రం నాలుగింటికి బజ్జీల పిండి కలపాలి, రాత్రి పదికి షట్టరు దించాలి. మధ్యలో ఆ మూడున్నర గంటల్నీ మేం విశ్రాంతి అంటాం. ఎక్కడయ్యా అంటే మేడ మీద రేకుల షెడ్డులో, గోదావరి జిల్లా మే నెలలో. అక్కడ పడుకున్నవాడికీ ఆవిరి పాత్రలో ఇడ్లీకీ తేడా ఒక్కటే, ఇడ్లీని పావుగంటలో దించేస్తాం. మనుషులు దొరకట్లేదు, కష్టపడే తరం పోయిందని హోటళ్ల ఓనర్లు ఎక్కడ కలిసినా ఏడుస్తారు. నిద్ర లేనివాడు ఎక్కడ నిలుస్తాడు? వెయ్యి పెంచినా ఆగనివాడు షెడ్డుకి కూలరు పెడితే ఆగాడు. ఆ కూలరు చూసి మా ఎదురు హోటలాయన తన షెడ్డులో ఏసీ పెట్టించాడు. ఏసీ గదిలో కస్టమర్ని కూర్చోబెట్టి పది రూపాయలు ఎక్కువ గుంజే రోజులు పోయి, మాస్టర్ని పడుకోబెట్టి ఎదురు కరెంటు బిల్లు కట్టే రోజులొచ్చాయి. కూలరుకి ఆగిన మాస్టరు ఆ ఏసీకే వెళ్లిపోయాడు. రోడ్డు అవతలికి మారడానికి బస్సు చార్జీలు కూడా అడిగాడు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. పదిమంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్. అందుకే కాబోలు, ఏ వీధిలో ఏ హోటల్‌ని అడిగినా పనివాళ్లు తొమ్మిదిమందే. ఉదయం లెక్కపెడితే పధ్నాలుగు తలకాయలు కనిపిస్తాయి. మిగతా అయిదుగురూ ఎవరంటే "చుట్టపుచూపుగా వచ్చారండి" అంటారు. నేను మాత్రం కడుతున్నాను. ఈఎస్ఐకి ఓనరు వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. జీతం 21,000 దాటితే అది వర్తించదు. కాబట్టి గిన్నెలు తోమే కుర్రాడికి ఉంది గానీ మాస్టరుకి లేదు. ఆయన ఆ కార్డు చూసి అలిగాడు. జీతం తగ్గిస్తే కార్డొస్తుందండీ అంటే అలక మానాడు.

ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది. దాని నియమాల ప్రకారం పనివాళ్లందరికీ ఏటా వైద్య పరీక్ష చేయించాలి, గోళ్లు కత్తిరించుకోవాలి, తలకి టోపీ ఉండాలి. హెల్మెట్ పోలీసుని చూసి ఎక్కినట్టు, మావాళ్ల నెత్తి మీదికి ఆ టోపీ ఇన్‌స్పెక్టర్ని చూసే ఎక్కుతుంది. మా మాస్టరుకి బట్టతల. "రాలడానికి ఏముందని టోపీ?" అని ఆయన వాదన. చట్టంలో దానికి జవాబు లేదు.

మేనల్లుడు ఓ రాత్రి ఇండియన్ కాఫీ హౌస్ కథ చెప్పాడు. 1950ల్లో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లని మూసి పనివాళ్లని పంపించేస్తే, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ అండతో వాళ్లే సహకార సంఘాలు పెట్టుకున్నారట. 1957 ఆగస్టులో బెంగళూరులో మొదటి సంఘం, అక్టోబరులో ఢిల్లీలో మొదటి కాఫీ హౌస్. వడ్డించేవాళ్లే ఓనర్లు, విసనకర్రలాంటి తలపాగాలతో సహా. కథ చాలా బాగుంది. చెబుతున్నంతసేపూ నేను వంటింటి తలుపు వేసే ఉంచాను.

మిగిలింది పండగలు. మా దగ్గర కోనసీమవాళ్లు, ఒడిశావాళ్లు, బెంగాలీలు, బీహారువాళ్లు, ఒక నేపాలీ ఉన్నారు. కుర్రాళ్లలో ఒకరి భాష ఒకరికి రాదు. కానీ రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఒడిశా అబ్బాయి పఖాళ అంటే, మా మాస్టరు "ఇది మా తరవాణే కదరా" అని పక్కన చేరాడు. అప్పట్నించి ఇద్దరూ ఒక జట్టు, సెలవుల విషయంలో కూడా. జూన్ మధ్యలో ఒడిశాలో రజ పండగ. ఆ మూడు రోజులూ నేల దున్నకూడదట, తవ్వకూడదట. భూదేవికే సెలవిచ్చిన పండగకి గిన్నెలు తోమే కుర్రాడికి ఇవ్వనని ఏ నోటితో అనను? దాని వెనకే రథయాత్ర. తర్వాత బెంగాలీల దుర్గా పూజ, నేపాలీ దశైం, దీపావళి దాటగానే బీహారు ఛఠ్. సంక్రాంతికి కోనసీమంతా ఖాళీ, కోడిపందేలు. సరిగ్గా ఆ మూడు రోజులే హైదరాబాద్ జనమంతా ఊళ్లోకి దిగి, "ఇక్కడి పెసరట్టే పెసరట్టండీ" అంటూ మా గుమ్మంలో నిలబడతారు. పరమతసహనం నాకున్నంతగా ఎవరికీ ఉండదు. ఎవరి పండగ వచ్చినా గిన్నెలు తోమేది నేనే.

దీనికి మందు యంత్రమేనని తేల్చాడు మేనల్లుడు. కోయంబత్తూరు నుంచి దోశ మెషిన్ దిగింది. అమ్మడానికొచ్చినాయన "సార్, ఇది సెలవడగదు, అడ్వాన్సడగదు" అన్నాడు, మొత్తం సొమ్ము అడ్వాన్సుగా తీసుకుని. దానికి ఆపరేటరు కావాలన్నాడు. ఎవరుండాలంటే పిండి చిక్కదనం తెలిసినవాడట. అంటే మాస్టరే. టెక్నికల్ పోస్టు కదండీ అని ఆయన జీతం పెంచమన్నాడు, పెంచాను.

భోగినాడు పొద్దున్నే మెషిన్ ఆగిపోయింది. కోయంబత్తూరుకి ఫోన్ చేస్తే "పొంగల్ సార్, అందరూ ఊరికి పోయినారు, సోమవారం చూద్దాం" అన్నారు. మధ్యాహ్నం మా మాస్టరు పందెం బరి దగ్గర్నుంచి ఫోన్ చేశాడు.

"మెషినెలా ఉందండీ ఓనరు గారూ?"

"సెలవులో ఉంది మాస్టారూ."

"మరి దానికీ జీతం కోస్తారా అండీ?"