ఆధారం: ఒక బడి బల్ల ఆత్మకథ

ఒక వస్తువు ఎక్కడ ఉందో చెప్పడానికి ఆ వస్తువు ఒక్కటే చాలదు. అది దేనిని ఆనుకుని ఉందో, దేనిలో ఒదిగి ఉందో, దేనికి చేరువగా ఉందో చెప్పడానికి నిలకడగా ఉన్న మరొక వస్తువు కావాలి. సంస్కృత వ్యాకరణం ఈ రెండో వస్తువును ఆధారమనీ, దాన్ని ఆశ్రయించి ఉన్నదాన్ని ఆధేయమనీ అంటుంది. ఆధునిక భాషాశాస్త్రంలో లెనార్డ్ టాల్మీ ఇంచుమించు ఈ సంబంధాన్నే గ్రౌండ్, ఫిగర్ అనే పేర్లతో వివరించాడు. పుస్తకం బల్ల మీద ఉందన్న వాక్యంలో పుస్తకం ఆధేయం, బల్ల ఆధారం. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు తొలి పాఠాల్లోనే ఎదురయ్యే ఆ వాక్యానికి ఏళ్ల తరబడి ఆధారంగా నిలిచిన ఒక బల్ల చరిత్ర ఇది. చెబుతున్నది ఆ బల్లే అయినా, ఆధారంగా నిలిచే వస్తువుకు వాక్యంలో కర్త స్థానం అలవాటు లేదు కనుక, తనను గురించి ప్రథమ పురుషలోనే, అంటే మూడో మనిషిని గురించి మాట్లాడే తీరులోనే చెప్పుకుంటుంది.

ఈ బల్ల 1960ల తొలినాళ్లలో గోదావరి డెల్టాలోని ఒక ఉన్నత పాఠశాల కోసం టేకు చెక్కతో తయారైంది. వడ్రంగి నాలుగు కాళ్లు బిగించి, కాళ్ల మధ్య అడ్డపట్టీలు కొట్టి, కుడివైపు తాళం వేసుకునే సొరుగు ఒకటి అమర్చి, పిల్లలకు కనబడే వైపును పలకతో మూశాడు. ఇంగ్లీషును వ్యాకరణ సూత్రాలతో కాక, చిన్న చిన్న వాక్యాలను ఎదుటనున్న వస్తువులతో చూపించి, పలుమార్లు పలికించి నేర్పాలనే స్ట్రక్చరల్ పద్ధతి దేశంలో వ్యాపిస్తున్న కాలమది. ఇప్పుడు ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా ఉన్న సంస్థ హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అనే పేరుతో మొదలైనది కూడా ఆ రోజుల్లోనే, 1958లో. వేరే పరికరాలేవీ లేని పల్లె బడికి ఆ పద్ధతి వరంలా కనిపించింది. ఒక బల్ల, ఒక పుస్తకం, ఒక సుద్దముక్కల పెట్టె ఉంటే పాఠం నడిచేది.

మాస్టారు పుస్తకాన్ని బల్ల మీద పెట్టి ఆన్ అనేవారు, సొరుగులో పెట్టి ఇన్ అనేవారు, వంగి కాళ్ల మధ్య నేల మీద పెట్టి అండర్ అనేవారు. పిల్లలు ఒక్క గొంతుగా అందుకునేవారు. ఆ మూడు చోట్లా తెలుగు, ఇంగ్లీషు ఒకే విధంగా ఆలోచిస్తాయి కాబట్టి పాఠం నిర్విఘ్నంగా సాగేది, కానీ ఆ సాఫీతనమే తరువాతి చిక్కులన్నింటికీ మూలమైంది. ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, అండర్ అంటే కింద, ఎట్ అంటే వద్ద అనే పట్టిక నోట్‌పుస్తకాల తొలి పేజీల్లోకి చేరి, అక్కడి నుంచి పిల్లల మనసుల్లో స్థిరపడింది. దిద్దడానికి వచ్చిన నోట్‌పుస్తకాల దొంతరలు ఏళ్ల తరబడి ఈ బల్ల మీదే ఉండేవి కాబట్టి, ఎర్ర సిరా ఎక్కడెక్కడ పడుతున్నదో దానికి తెలుసు: గీతలన్నీ ఆ పట్టిక సరిపోని చోట్లనే పడేవి.

ప్రిపోజిషన్ అనే మాటకు లాటిన్ మూలంలో ముందు ఉంచినది అని అర్థం. ఇంగ్లీషులో అది నామానికి ముందు నిలుస్తుంది, తెలుగులో ఆ పని చేసే మాట నామం తరువాత వస్తుంది. ఈ వరుస తేడాను పిల్లలు కొద్ది వారాల్లో దాటేస్తారు. అంతకన్నా లోతైన తేడా మరొకటి ఉంది. తెలుగు పిల్లలు వల్లించే విభక్తుల పట్టికలో కి, కు, యొక్క, లో, లోపల షష్ఠికి చెందితే, అందు, న అనేవి సప్తమికి చెందుతాయి; మీద, కింద, పక్కన, వెనుక అనేవి ఆ పట్టికలో ఎక్కడా లేవు. అవి స్వభావరీత్యా చోటును తెలిపే నామాలు కావడం వల్లనే మీదికి, కిందికి, పక్క నుంచి అంటూ తమ మీద మళ్లీ ప్రత్యయాలను చేర్చుకోగలుగుతాయి. అంటే తెలుగు ఒక చోటుకు పేరు పెట్టి ఆ పేరుకు ప్రత్యయం తగిలిస్తే, ఇంగ్లీషు ఆ రెండు పనులనూ చాలా సందర్భాల్లో ఒక్క చిన్న మాటతోనే ముగిస్తుంది.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం తరగతి గది పైకప్పుకు ఒక బల్లి అతుక్కుని ఉండగా, దాన్ని గురించి ఒక వాక్యం రాయమని పిల్లలను అడిగితే, సగానికి పైగా పలకల మీద అండర్ అని వచ్చింది. వారి తర్కంలో లోపం లేదు. తెలుగులో కప్పు మీద అంటే ఇంటి పైన, పెంకుల మీద అని అర్థం వస్తుంది కాబట్టి మీదకు జతగా నేర్చిన ఆన్‌ను వారు పక్కన పెట్టారు, బల్లి కప్పు కన్నా దిగువన ఉంది కాబట్టి అండర్‌ను ఎంచుకున్నారు. ఇంగ్లీషు మాత్రం ఇక్కడ ఆన్ అంటుంది, ఎందుకంటే ఆన్‌కు పైన ఉండడం ముఖ్యం కాదు. ఒక తలాన్ని తాకి, ఆ తలం వల్ల నిలిచి ఉండడం ముఖ్యం. ఆ తలం బల్ల పైభాగంలా పరుచుకుని ఉన్నా, గోడలా నిలువుగా ఉన్నా, పైకప్పులా తలకిందులుగా ఉన్నా ఆన్‌కు ఒకటే. ఇదే బల్ల అడుగున ఎవరో అంటించిన చూయింగ్ గమ్ కూడా ఇంగ్లీషులో బల్ల అడుగుతలానికి ఆన్ అవుతుంది.

తెలుగు ఇదే అనుభవాన్ని మరో చక్కని గీతతో విభజిస్తుంది. బరువు మోపి నిలిచినదాన్ని మీద అంటుంది, తగులుకుని, అతుక్కుని, తొడుక్కుని, కట్టుకుని నిలిచినదాన్ని కు అంటుంది: గోడకు పటం, తలుపుకు తాళం, వేలికి ఉంగరం, చేతికి గాజులు, కాలికి పట్టీలు, చెట్టుకు కాయలు. వీటన్నింటికీ ఇంగ్లీషులో ఆన్ వస్తుంది. ఈ విభజన తెలుగు ఒక్కదానికే ఉందనుకోనక్కరలేదు. జర్మన్ భాష బల్ల మీది పుస్తకానికి ఆఫ్ అనీ, గోడకున్న పటానికి ఆన్ అనీ రెండు వేర్వేరు మాటలు వాడుతుంది, డచ్ భాషకూ ఇటువంటి జంటే ఉంది. ఇంగ్లీషు ఆ రెంటినీ కలిపేసింది. కాబట్టి వేలికి ఉంగరం అనే మాటను కు అంటే టు అనే మరో పట్టికతో అనువదించి ఎర్ర గీత వేయించుకున్న పిల్లవాడు స్థలజ్ఞానం లేనివాడు కాడు. ఇంగ్లీషు చెరిపేసిన ఒక గీతను తన భాషలో స్పష్టంగా చూస్తున్నవాడు. అటువంటి పిల్లవాడిని మందబుద్ధి అని నలుగురి ఎదుట నిలబెట్టిన రోజులు ఈ బల్ల జ్ఞాపకంలో ఇప్పటికీ బాధగానే ఉన్నాయి.

భాషలు చోటును ఎంత భిన్నంగా పంచుకుంటాయో పరిశీలించడానికి నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ నగరంలో ఉన్న మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థలో మెలిస్సా బవర్‌మన్, ఎరిక్ పెడర్సన్ 71 రేఖాచిత్రాల వరుసను రూపొందించారు; ప్రతి చిత్రంలోనూ ఒక ఆధేయం, ఒక ఆధారం ఉంటాయి, ఆధేయం ఎక్కడ ఉందని అడిగి ఆయా భాషల వారి జవాబును నమోదు చేస్తారు. ఆ వరుసలో మొదటి చిత్రం బల్ల మీద ఉన్న కప్పు. పల్లె బడిలో మాస్టారు మొదలుపెట్టిన చోటే శాస్త్రమూ మొదలుపెట్టిందని తెలిసినప్పుడు ఈ బల్లకు కలిగిన సంతోషం చిన్నది కాదు. స్పానిష్ భాష ఇన్, ఆన్ అనే తేడాను చాలాచోట్ల పట్టించుకోక ఎన్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోగా, కొరియన్ భాష పెన్నుకు మూత బిగించడాన్నీ, సరిపడే పెట్టెలో క్యాసెట్‌ను దూర్చడాన్నీ బిగువుగా ఇమడడం అనే ఒకే క్రియతో చెబుతుంది. అంటే లోపల, మీద అనే విభజనే అన్ని భాషలకూ పునాది కాదు.

చెట్టు ఉదాహరణ మరికొంత ఆగి చూడదగినది. తెలుగులో కాయ చెట్టుకు ఉంటుంది, పిట్ట చెట్టు మీద ఉంటుంది. ఇంగ్లీషులో కాయ ఆన్ ద ట్రీ, పిట్ట ఇన్ ద ట్రీ. ఇంగ్లీషువారి దృష్టిలో కొమ్మలూ ఆకులూ కలిసి ఒక గుబురు, ఒక గది వంటిది అవుతాయి కాబట్టి ఆ గుబురు లోపల కూర్చున్న పిట్టకు ఇన్ వస్తుంది, కొమ్మ తలానికి తగులుకుని నిలిచిన కాయకు ఆన్ వస్తుంది. ఒకే చెట్టు ఒకసారి పాత్రగా, మరోసారి తలంగా మారుతోంది; ఆధారం మారలేదు, దాన్ని చూసిన చూపు మారింది. కుర్చీ విషయంలోనూ ఇంతే: చేతులున్న, ఒంటిని చుట్టుకునే కుర్చీకి ఇంగ్లీషు ఇన్ వాడుతుంది, చేతులు లేని స్టూలుకు ఆన్ వాడుతుంది. కుర్చీలో కూర్చున్నారు, స్టూలు మీద కూర్చున్నారు అనే తెలుగువారికి ఈ చూపు కొత్తది కాదు, దాన్ని తమ భాషలోనే ఎన్నడో చూశారని ఎవరో గుర్తు చేయాలి, అంతే.

తెలుగువారిని అన్నింటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ఎట్. సంస్కృత వ్యాకరణ సంప్రదాయం ఆధారాన్ని మూడు విధాలుగా చెబుతుంది: చాప మీద కూర్చోవడం వంటి తాకిడి ఔపశ్లేషికం, నువ్వుల్లో నూనె వంటి వ్యాప్తి అభివ్యాపకం, మోక్షమందు కోరిక వంటి విషయసంబంధం వైషయికం. ఆన్, ఇన్ మొదటి రెంటికీ దగ్గరగా నిలుస్తాయి, ఎట్ వీటిలో దేనికీ పూర్తిగా ఒదగదు. ఎట్ ఆధారాన్ని ఒక బిందువుగా చూస్తుంది. ఆ బిందువుకు లోపలా పైభాగమూ లేవు, అక్కడ జరిగే పని మాత్రమే ఉంది. మాస్టారు ఈ బల్ల ముందు కూర్చుని నోట్‌పుస్తకాలు దిద్దుతుంటే ఆయన ఎట్ ద టేబుల్. బల్ల ఎక్కి కూర్చుంటే ఆన్ ద టేబుల్. బల్లతో పనేమీ లేకుండా దాని చేరువలో నిలబడితే నియర్ ద టేబుల్. తెలుగులో దగ్గర అనే మాట బల్ల దగ్గర, మాస్టారి దగ్గర, చివరికి నా దగ్గర పెన్ను ఉంది అనే చోట స్వాధీనం వరకూ పరచుకుని ఉండడంతో, పెన్ను తనకు నియర్ ఉందని రాసే పిల్లలు ప్రతి ఏటా కనిపించేవారు. అక్కడ ఇంగ్లీషుకు హ్యావ్ అనే క్రియ చాలు. బడిలో ఉన్నాడు అనడానికీ ఇదే కొలత: చదువుకోవడానికి వెళ్లి అక్కడ ఉంటే ఎట్ స్కూల్, ఆ భవనపు గోడల లోపల ఉన్నాడని చెప్పవలసి వస్తే ఇన్ ద స్కూల్.

చిరునామాలో ఈ మూడు మాటలూ వరుసగా వస్తాయి: ఇంటి నంబరు బిందువు కాబట్టి ఎట్, రోడ్డు పరుచుకున్న గీత కాబట్టి ఆన్, ఊరు సరిహద్దులున్న ప్రాంతం కాబట్టి ఇన్. వీధి అనే మాటకు బ్రిటిష్ వారు తరచు ఇన్, అమెరికన్లు ఆన్ వాడతారు, రెండూ సరైనవే. కారుకూ ఆటోకూ ఇన్, లేచి నడవడానికి వీలున్న బస్సుకూ రైలుకూ సాధారణంగా ఆన్.

ఇంగ్లీషు కన్నా తెలుగు స్పష్టంగా ఉన్న చోటు ఒకటి ఈ బల్ల కాళ్ల మధ్యనే ఉంది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరిచే వేళకు ఒక పిల్లి గదిలోకి వచ్చేది. పిల్లి బల్ల కింద పరుగెత్తిందని తెలుగులో అంటే అప్పటికే అది అక్కడ ఉన్నట్టు, కిందికి పరుగెత్తిందంటే బయటి నుంచి చేరినట్టు తేలుతుంది. ఇంగ్లీషులో ద క్యాట్ రాన్ అండర్ ద టేబుల్ అనే ఒక్క వాక్యమే ఈ రెండర్థాలనూ మోస్తుంది. ఇంటు, ఆంటు అనే రూపాలతో ఇంగ్లీషు ఇన్, ఆన్‌లకు చలనాన్ని చేర్చుకుంది కానీ అండర్‌కు అటువంటి జతను కల్పించుకోలేదు. జర్మన్ ఇదే తేడాను ఆధారానికి పట్టే విభక్తిని మార్చి చెబుతుంది. కాబట్టి తెలుగు పిల్లలకు ఇంటును బోధించేటప్పుడు లోకి అనే తమ రూపంతో మొదలుపెట్టి, ఈ వెసులుబాటు ఇంగ్లీషులో అన్ని మాటలకూ లేదని చెబితే వారికి దారి సులువవుతుంది. పట్టికను తీసివేసి, బొమ్మలు గీయించి, తాకుతోందా, చుట్టుకుని ఉందా, ఉత్త బిందువా అని అడిగి రాయించిన ఒక టీచరమ్మ ఆ బడిలో పనిచేసిన కొన్నేళ్లలో ఎర్ర గీతలు తగ్గడాన్ని ఈ బల్ల చూసింది.

బల్లకు పైనున్న చోటులోనూ రెండు చూపులున్నాయి. దీపం సరిగ్గా బల్ల నెత్తిన వేలాడుతూ దాని మీద వెలుగు పరుస్తుంటే ఓవర్ అనడానికి ఇంగ్లీషు మొగ్గు చూపుతుంది, గోడకున్న గడియారం బల్ల కన్నా ఎత్తున ఉందని మాత్రమే చెప్పదలచితే ఎబవ్ అంటుంది. దుప్పటి కప్పినా ఓవరే వస్తుంది, అక్కడ తాకిడి ఉన్నా సరే, ఎందుకంటే ఓవర్‌కు కమ్ముకోవడం ప్రధానం. అండర్, బిలో మధ్య తేడా దీనికి అద్దంలోని ప్రతిబింబం వంటిది.

బడికి ఇనుప బల్లలు వచ్చాక ఈ టేకు బల్లను గ్రంథాలయంగా వాడే గదిలోకి మార్చి, కిటికీ పక్కన గోడకు ఆనించారు. తెలుగులో బల్ల కిటికీ దగ్గర ఉంది, దాని పక్కన నిలబడి బయటి వానను చూస్తున్న అమ్మాయి కూడా కిటికీ దగ్గరే ఉంది. ఇంగ్లీషులో బల్ల బై ద విండో ఉంది, చేరువను చెప్పడం తప్ప ఆ కిటికీతో దానికి వేరే పని లేదు కాబట్టి. అమ్మాయి మాత్రం ఎట్ ద విండో ఉంది, ఆమె అందులోంచి వానను చూస్తోంది కాబట్టి.