ఫోర్‌వీల్ అన్న

జనగామ అన్న పాత బండి పొగలు కక్కుతోంది. ఇంటిల్లిపాదికీ ఏడు సీట్ల ఎస్‌యూవీ కావాలి, నాలుగు చక్రాలూ లాగాలి! 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతమున్న పన్ను 40కి దిగింది కదా, ధైర్యమొచ్చింది. స్కార్పియో-ఎన్‌లో ఫోర్‌వీల్ డీజిల్‌కే అంటే, మరి ఇన్నోవాకు ఎందుకు లేదని షోరూంలో లొల్లి. తీరా అన్న తిరిగేదెక్కడ? హైదరాబాద్‌కు, నాలుగు వరుసల 163వ జాతీయ రహదారి మీద.

వానాకాలం భూపాలపల్లి జిల్లా పలిమెల, మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ దిక్కు పల్లెల్లో బురదకు ట్రాక్టరే దిక్కు. అక్కడ ఫోర్‌వీల్ అడిగే స్తోమత ఎవరికుంది?

టెస్ట్ డ్రైవ్‌లో చెరువుకట్ట మట్టిదారి రాగానే అన్న కేకేశాడు: "ఆపు తమ్మీ, గీతలు పడ్తయ్!"