ఆరా? తొమ్మిదా?

మా రోజుల్లో ప్యానెల్ తలుపు తీస్తే లోపల వైరింగు కనపడేది. ఇప్పుడు తీస్తే బూడిదరంగు ప్లాస్టిక్ చానెళ్లు, వాటి మీద మూతలు. ఆ మూతల కింద ఏం కుక్కారో కుక్కినవాడికి కూడా గుర్తుండదు. పంపు హౌసుల్లో, లిఫ్టు గదుల్లో, సబ్‌స్టేషన్లలో గోడవారగా నిలబడి ఉండే ఆ ఇనప బీరువాల్లో వైర్లు వేయడమే నేను ఉద్యోగమంతా చేసిన పని. బాలానగర్‌లో మొదలెట్టి చర్లపల్లిలో ముగించాను. 'కరెంటు పని' అని చెప్పుకున్న పాపానికి చుట్టాలంతా సీలింగ్ ఫ్యాన్లు బిగించమని పిలిచేవారు. అది వేరే కథ.

వైర్ల కట్టని హార్నెస్ అంటాం. ఆ మాట ఇప్పటి కుర్రాళ్లకీ వచ్చు, కట్టడమే రాదు. మేం ప్లైవుడ్ పలక మీద డ్రాయింగు పరిచి, వైరు మలుపు తిరగాల్సిన ప్రతిచోటా మేకు కొట్టేవాళ్లం. ఆ మేకుల మధ్య ఒక్కో వైరే పరుచుకుంటూ పోయి, మైనం పట్టించిన దారంతో దగ్గర దగ్గరగా ముడులు వేసుకుంటూ వచ్చేవాళ్లం. ముడి వదులైతే కట్ట ఉబ్బుతుంది. మరీ బిగిస్తే పీవీసీ మీద గాటు పడుతుంది. మా ఉస్తాద్ కట్ట మీద బొటనవేలు ఆనించి ఈ చివర నుంచి ఆ చివరకి లాగేవాడు. వేలికి ఎక్కడ ఎగుడుదిగుడు తగిలితే అక్కణ్ణుంచి దారం కోసి పారేసేవాడు. తిట్టేవాడు కాదు, మాటే ఉండేది కాదు. కూర్చుని మళ్లీ కట్టుకోవాల్సిందే.

ఇప్పుడంతా కేబుల్ టై. చుట్టి లాగితే 'కర్ర్' మంటుంది, పనైపోతుంది. 1958లో అమెరికాలో థామస్ అండ్ బెట్స్ అనే కంపెనీ దీన్ని తెచ్చింది. విమానాల వైర్ల కట్టలకి ముడులు వేసీ వేసీ పనివాళ్ల చేతులు పడే అవస్థ చూసి తయారుచేశారంటారు. మంచిదే, కాదనను. ఆ తోకనైనా సరిగ్గా కోయొచ్చు కదా! కటింగ్ ప్లయర్‌తో ఏటవాలుగా కత్తిరించి వదిలేస్తారు. రేపు మెయింటెనెన్స్‌వాడు చెయ్యి లోపల పెట్టాడంటే మోచేతి దాకా గీరుకుపోతుంది. మొదలంటా కోసే కట్టరు వేరే ఉంది, సొరుగులోనే ఉంది, బయటికి తీసేవాడే లేడు. అన్నట్టు, అంగారకుడి మీదికి వెళ్లిన క్యూరియాసిటీ బండిలో వైర్లని దారంతోనే కట్టారు. ఈ సంగతి చెబితే మా కుర్రాళ్లు నవ్వారు. ఫోన్‌లో ఫొటో చూశాక నమ్మారు. నలభై ఏళ్లు పనిచేసినవాడి మాటకి లేని విలువ ఫోనుకుంది మరి.

ఇక నంబర్లు. ప్రతి వైరుకీ రెండు చివర్లా అంకెలున్న చిన్న పసుప్పచ్చ తొడుగు ఎక్కిస్తాం, ఫెర్రూల్ అంటాం. అప్పట్లో ఒక్కో అంకెకి ఒక్కో డబ్బా. ఒకటీ సున్నా ఏడూ ఏరుకుని వరసగా వైరుకి ఎక్కించి, ఆ తర్వాతే వైరు కొసన నొక్కి బిగించే లోహపు లగ్గు కొట్టాలి. లగ్గు కొట్టేశాక ఫెర్రూల్ గుర్తొచ్చిందా, లగ్గు కోసెయ్యడమే. అంకెలు ఎటునుంచి చదవాలన్నదానికి షాపంతటికీ ఒకటే లెక్క. అది తప్పితే 66 కాస్తా 99 అవుతుంది, 16 పోయి 91 అవుతుంది. అందుకే ఆరుకీ తొమ్మిదికీ అడుగున గీత ఉన్నవి ఏరి వేరే పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు ప్రింటరు అచ్చేసిస్తుంది, ఒక్కో అంకె ముత్యంలా ఉంటుంది. కానీ తొడిగేది మనిషే కదా. మొన్న ఒక యూనిట్‌లో చూశాను, ఒకే టెర్మినల్ వరసలో సగం ఫెర్రూళ్లు ఇటు, సగం తలకిందులు. "ఇది ఆరా తొమ్మిదా బాబూ?" అంటే కుర్రాడు మల్టీమీటరు తీసి 'బీప్' కొట్టి చూపించాడు. బీప్ కొట్టుకునే అవసరం రాకూడదనే నంబరు వేసేదని వాడికెవరూ చెప్పినట్టు లేదు.

లగ్గుల విషయంలో మాత్రం నేను నోరెత్తను. మా కాలపు క్రింపింగ్ ప్లయర్‌కి చేతి బలమే కొలత. సోమవారం పొద్దున కొట్టిన లగ్గు ఒక తీరు, శనివారం సాయంత్రం కొట్టింది ఇంకో తీరు. ఇప్పటి రాచెట్ టూలు పూర్తిగా నొక్కేదాకా నోరు వదలదు. బోల్టుకి టార్క్ రెంచి, బిగించాక మీద రంగు గీత. బోల్టు కదిలితే ఆ గీతే పట్టిస్తుంది. ఇవి మాకుంటే ఎన్ని బస్‌బార్ జాయింట్లు కాలిపోకుండా ఉండేవో! ఒప్పుకున్నాను, ముందుకి పోదాం.

నా గొడవ పనిముట్లతో కాదు. వేసే వైరు దేనికో తెలియకుండా వేయిస్తున్నారు చూడండి, దానితో. సీటీ వైరు సంగతే తీసుకోండి. వందల ఆంపియర్లని మీటరు తట్టుకునేలా 5కో 1కో తగ్గించి ఇచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు తాలూకు వైరది. లోడు నడుస్తుండగా అది ఊడిందంటే చివర్ల మధ్య వేల వోల్టులు పుట్టొచ్చు. ప్రాణాలు తీసే వోల్టేజీ అది. అందుకే మామూలు కంట్రోల్ వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లయితే దీనికి 2.5 వేస్తాం. మిగతావాటికి పిన్ లగ్గు చాలు, దీనికి మాత్రం రింగు లగ్గే. స్క్రూ కాస్త వదులైనా రింగు జారిపోదు. ఇదంతా మా ఉస్తాద్ మొదటి వారంలోనే బుర్రకెక్కించాడు. ఈమధ్య ఒక పిల్లాణ్ణి "ఇక్కడ రింగు లగ్గెందుకు వేశావు?" అని అడిగితే, "షీటులో ఆర్ అని ఉంది సార్" అన్నాడు. రేపు షీటులో పొరపాటున పీ అని పడితే పిన్నే వేస్తాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు. వాడి చేతికి సర్క్యూట్ డ్రాయింగు ఇస్తేగా! కంప్యూటరు తీసిన వైర్ల పట్టిక ఇస్తారు. ఇక్కణ్ణుంచి అక్కడికి, ఇంత పొడవు, ఈ రంగు, ఈ లగ్గు. అంతే.

మాకు ఐటీఐలో వైర్‌మన్ ట్రేడు రెండేళ్లు. వైరు ముట్టుకోకముందు ఆకురాయి ఇచ్చి ఇనప ముక్క నలుచదరంగా వచ్చేదాకా అరగదీయించారు. ఆ పైన అప్రెంటిస్. డ్రాయింగు చదవడం అక్కడే వచ్చింది. మోటారుని నడపడానికి స్టార్-డెల్టా స్టార్టరు ఉంటుంది. దాన్లో స్టార్ కాంటాక్టరూ డెల్టా కాంటాక్టరూ ఒకేసారి మూసుకున్నాయంటే మూడు ఫేజులూ షార్టు. అలా జరక్కుండా ఒకదాని కాయిలు దారిలో రెండోదాని ఎన్‌సీ కాంటాక్టు, అంటే మామూలప్పుడు మూసి ఉండేది, పెడతారు. డ్రాయింగు గీసినాయన అది మర్చిపోతే, వైరు వేస్తుండగానే మా చెయ్యి ఆగేది. పెన్సిల్‌తో సున్నా చుట్టి డిజైన్ రూముకి పట్టుకెళ్లేవాళ్లం. ఇంజినీరు గారు ముందు విసుక్కుని, తర్వాత టీ తెప్పించేవారు. పట్టికలో లేని వైరు కోసం ఇప్పుడు ఎవరి చెయ్యి ఆగుతుంది? ఆగినా, ఆర్నెల్ల కాంట్రాక్టు మీద వచ్చినవాడు పైకెళ్లి ఏమని చెబుతాడు?

టంకం పనిదీ ఇదే వరస. 1967లో ఏ.ఎస్. రావు గారి నాయకత్వంలో ఈసీఐఎల్ మొదలయ్యాక, కుషాయిగూడ చుట్టుపక్కల ఇంటికొకరికి సోల్డరింగ్ ఐరన్ పట్టడం వచ్చేదంటే అతిశయోక్తి కాదు. ఆ కంపెనీ ఈసీ టీవీ మన ఇళ్లల్లో వెలిగిన రోజులవి. తగరం అరవై పాళ్లు, సీసం నలభై పాళ్లు. తళతళలాడితే మంచి జాయింటు, మసకబారితే డ్రై జాయింటు, మళ్లీ పెట్టు. చూపుతోనే తేలిపోయేది. 2006 జులై నుంచి యూరప్‌వాళ్లు సీసం వద్దన్నారు. ఎగుమతి సరుకులో అది పోయింది, మెల్లగా అన్నిట్లో పోతోంది. సీసం పోవడం మంచిదే. కానీ సీసం లేని టంకం 217 డిగ్రీల దాకా వేడెక్కితే గాని కరగదు, పైగా మంచి జాయింటు కూడా మసకగానే ఉంటుంది. అన్నేళ్లు కంటికి నేర్పిన విద్య అక్కరకి రాకుండా పోయింది.

మా మేనకోడలి కూతురు శ్రీసిటీలో ఫోన్లు తయారయ్యే చోట పనిచేస్తుంది. చేతికి ఎర్త్ పట్టీ కట్టుకుని కూర్చుంటుంది. ఒంట్లోని స్టాటిక్ కరెంటు తగిలితే చిప్పు పోతుందట. ఒక మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు ఉండే భాగాల్ని మిషన్ పెడుతుంది, ఈ పిల్ల మైక్రోస్కోపులో చూసి తప్పు పడుతుంది. ఆ చూపు నాకు ఈ జన్మకి రాదు. "బోర్డంతా ఎలా పనిచేస్తుందే?" అని అడిగాను. "అది నా స్టేషన్ కాదు తాతయ్యా" అంది. తెలుసుకోవాలని ఆ పిల్లకీ ఉంది. చెప్పేవాడికి తీరిక లేదు, లైను ఆగకూడదు.

ఇంకొకటి ఉంది. ప్యానెల్ తలుపుకి లోపలివైపు ఒక రేకు జేబు ఉండేది. అందులో అమోనియా వాసన కొట్టే నీలం గీతల ప్రింటు, దాని మీద మా పెన్సిల్ దిద్దుబాట్లు. ఇప్పుడా జేబు తీసేసి క్యూఆర్ స్టిక్కరు అంటిస్తున్నారు. ఫోను చూపిస్తే డ్రాయింగు వస్తుందట. ఊరికి దూరంగా, కాంక్రీటు గోడల మధ్య ఉండే పంపు హౌసులో సిగ్నల్ ఎక్కడేడిసింది? పోయిన ఎండాకాలం ఒకచోట మోటారు ఎత్తుకోవడం లేదని నన్ను తీసుకెళ్లారు. సైట్ ఇంజినీరు ఫోను పైకెత్తి పట్టుకుని సిగ్నల్ వెతుక్కుంటూ చేను గట్టు మీదికి పోయాడు. ఈలోపు నేనూ ఆపరేటరూ మెయిన్ ఆపి, ఫెర్రూల్ నంబర్లు పట్టుకుని ఒక్కో వైరే చూసుకుంటూ వెళ్లాం. ఓవర్‌లోడ్ రిలే 95-96 టెర్మినళ్ల దగ్గర వైరు వదులుగా ఉంది. బిగించి, మెయిన్ వేసి, స్టార్టు నొక్కితే మోటారు అందుకుంది. ఆయన ఇంకా గట్టు మీదే నిలబడి 'లోడవుతోంది, ఆగండి' అని చెయ్యి ఊపుతున్నాడు.