ఎన్ని మార్కుల్లో పోయింది?

మన ఇళ్లల్లో పరీక్ష తప్పడానికి ఓ పద్ధతుంది. ముందు ఎవరో ఒకరు "ఎన్ని మార్కుల్లో పోయింది?" అని అడగాలి. మనం "రెండే" అనాలి. వాళ్లు "అయ్యో, రెండేనా! రీకౌంటింగ్ పెట్టకపోయావా?" అనాలి. ఆ తర్వాత పేపర్ దిద్దినవాణ్ణి ఇంటిల్లిపాదీ కలిసి తిట్టాలి. ఆ తిట్లతో సగం దుఃఖం దిగిపోతుంది. మిగతా సగం సప్లిమెంటరీ ఫీజు కట్టగానే పోతుంది. ఇంటర్ ఫిజిక్స్ దగ్గర్నుంచి డిగ్రీ స్టాటిస్టిక్స్ దాకా మనవాళ్లంతా ఇలాగే గట్టెక్కారు.

అమెరికావాళ్ల నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ ఈ పద్ధతికే ఎసరు పెట్టింది. అందులో మార్కులుండవు, ర్యాంకుండదు. దిద్దేది కంప్యూటర్ కాబట్టి తిట్టుకోడానికి మనిషి కూడా దొరకడు. నేను తప్పింది అందులోనే.

"ఎన్ని మార్కుల్లో పోయింది?" అన్నాడు నాన్న.

"మార్కులుండవు నాన్నా."

"మార్కుల్లేకుండా ఫెయిలెట్లా చేస్తారు?"

నాన్న పంచాయతీరాజ్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాడు. కారణం రాయకుండా దరఖాస్తు తిప్పి పంపడం తన సర్వీసులోనే లేదంటాడు. (అసలు తిప్పి పంపకుండా బీరువాలో ఉంచేసినవాటి గురించి మాట్లాడడు.) అందుకని కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది.

1994 నుంచి ఈ పరీక్ష కంప్యూటర్ మీదే. అందరికీ ఒకే పేపర్ ఉండదు. ఒప్పు రాస్తే తర్వాతి ప్రశ్న కష్టమైంది వస్తుంది, తప్పు రాస్తే తేలికైంది. అలా పైకీ కిందికీ తిప్పి, మనం సగం ఒప్పులూ సగం తప్పులూ చేసే చోటు పట్టుకుని అక్కడే కూర్చోబెడుతుంది. అంటే మహా తెలివైనవాళ్లు కూడా ఇంచుమించు సగం తప్పులు చేసే బయటికొస్తారు. ఎంత కష్టమైన ప్రశ్నల దగ్గర తప్పులు చేశామన్నదే తేడా. పాస్ గీతకి పైనున్నామనో కిందున్నామనో దానికి 95 శాతం నమ్మకం కుదిరిందా, స్క్రీన్ టక్కున ఆగిపోతుంది. 2023 ఏప్రిల్లో వచ్చిన కొత్త పద్ధతిలో తక్కువలో తక్కువ 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150, టైము ఐదు గంటలు. 85 దగ్గర ఆగిపోయిందంటే బ్రహ్మాండంగా రాసి ఉండాలి, లేదా ఘోరంగా రాసి ఉండాలి. రెండింటికీ స్క్రీన్ ఒకేలా ఆగుతుంది.

పైగా అందులో 15 ప్రశ్నలు లెక్కలోకే రావు. ముందుముందు వాడుకోవచ్చా లేదా అని మనమీద పరీక్షించి చూసుకునేవి అవి. అవి ఏవో చెప్పరు. నాకు బాగా తెలిసిన జవాబులన్నీ ఆ పదిహేనులోకే పోయాయని నా గట్టి నమ్మకం. కష్టమైనదాన్ని వదిలేసి చివర్లో చూద్దామంటే కుదరదు, దాటిన ప్రశ్న దాటిపోయినట్టే. చిన్నప్పట్నుంచీ మాస్టార్లు నేర్పిన ఒకే ఒక్క పరీక్ష కిటుకు అలా చేతిలోంచి జారిపోయింది.

నాన్న అంతా విన్నాడు. "అంటే బాగా రాసేకొద్దీ ఇంకా కష్టమైనవి ఇస్తారా?" అన్నాడు.

"అవును."

"అచ్చం మా ఆఫీసే. పనిచేసేవాడి టేబుల్ మీదికే ఫైళ్లన్నీ."

ఆ మాటతో ఆయనకి పరీక్ష మీద ఉన్న అనుమానాలన్నీ తీరిపోయాయి.

ఫలితం తెలిసిన తీరు కూడా చెప్పాలి. అధికారికంగా స్టేట్ బోర్డు నుంచి రావాలి, దానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. అంతకాలం ఆగలేనివాళ్లకి నర్సుల లోకంలో ఓ చిట్కా తిరుగుతుంటుంది. మా వార్డులో కొట్టాయం సిస్టర్ చెవిలో చెప్పింది: రాసొచ్చాక అదే పరీక్షకి మళ్లీ రిజిస్టర్ చేసుకోబోవాలి. కుదరదని వెబ్‌సైట్ అడ్డుకుంటే పాసైనట్టు. మారుమాట్లాడకుండా డబ్బులు తీసుకుంటే పోయినట్టు. ఇది అధికారికమూ కాదు, గ్యారంటీ అంతకన్నా లేదు. అయినా చెయ్యకుండా ఉండేవాళ్లని నేను చూళ్లేదు. నేనూ కార్డు నంబరు కొట్టి, దయచేసి దీన్ని రిజెక్ట్ చెయ్యి తండ్రీ అని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. 200 డాలర్లు ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోయాయి. వెంటనే ఫోన్‌కి మెసేజ్: ట్రాన్సాక్షన్ సక్సెస్‌ఫుల్. ఆ సక్సెస్‌ఫుల్ అన్న మాట చూసి అమ్మ పరుగున వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టేసింది. వద్దని చెప్పేలోపు కొబ్బరికాయ కూడా కొట్టేసింది. ఆ రాత్రి నేను తప్పిన సందర్భంగా ఇంట్లో కొబ్బరన్నం.

అమెరికా బయట రాసేవాళ్లు ఇంకో 150 డాలర్లు అదనంగా కట్టాలి. రెండూ కలిపితే మన డబ్బుల్లో ముప్పై వేల దరిదాపు. ప్రైవేటు ఆస్పత్రి సిస్టర్ జీతం పక్కన ఆ అంకె పెట్టి చూడకూడదు.

"పోనీ, అమెరికా కాకుండా కెనడా చూడకూడదూ?" అన్నాడు నాన్న.

"2015 నుంచి అక్కడా దాదాపు అంతటా ఇదే పరీక్ష."

"ఆస్ట్రేలియా?"

"మనలా బయట్నుంచి వెళ్లేవాళ్లకి అక్కడా ఇదే."

తమ్ముడు వెతికి వెతికి ఓ శుభవార్త పట్టుకొచ్చాడు. పాసయ్యాక ఇంగ్లిష్ పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన, ఆ పైన గ్రీన్‌కార్డు వరుస ఉంటాయి. ఇండియావాళ్ల వరుస ఏళ్ల తరబడి కదలదు. "అంటే అక్కా, నువ్వు ఇంకోసారి తప్పినా వాళ్లకేం ఇబ్బంది లేదు" అన్నాడు. వాడు ఓదార్చాడో ఏమో ఇప్పటికీ తెలీదు.

తప్పినవాళ్లకి మాత్రమే ఓ కాగితం వస్తుంది. అందులో ఎనిమిది విభాగాలు. ఒక్కోదాని ఎదురుగా పాస్ ప్రమాణానికి పైన, దగ్గర, కింద అని ఏదో ఒకటి ఉంటుంది. మందుల్లో నాకు 'పైన'. నైట్‌డ్యూటీలు ఊరికే పోలేదు. 'కింద' వచ్చినవి రెండు. పేషెంట్ మనసుకి సంబంధించిన విభాగం ఒకటి, పనులు చక్కబెట్టుకునే విభాగం ఇంకొకటి.

"మనసంటే?" అంది అమ్మ.

"పేషెంట్‌తో ఎలా మాట్లాడాలో అది."

"నీకు మాట్లాడ్డం రాదని నేను ఎప్పట్నుంచో చెప్తూనే ఉన్నా. ఆ ముక్క చెప్పించుకోడానికి ముప్పై వేలా?"

రెండో విభాగం సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మా నర్సింగ్ కాలేజీలో ప్రశ్న ఎలా ఉండేదంటే: టైఫాయిడ్ నిర్వచించి, కారణాలు, లక్షణాలు, నర్సింగ్ సంరక్షణ వివరింపుము. స్కేలు పెట్టి మార్జిన్ కొట్టి, హెడ్డింగులు నల్ల స్కెచ్‌తో రాసి, కింద గీత గీసి, పేజీలు నింపేవాళ్లం. టైఫాయిడ్ గురించి సమస్తం రాసేవాళ్లం గానీ, టైఫాయిడ్ వచ్చిన మనిషి అందులో ఎక్కడా కనపడేవాడు కాదు. ఎన్‌క్లెక్స్ నాలుగు ముక్కల్లో నలుగురు మనుషుల్ని తెచ్చి ముందు పెడుతుంది. మోకాలి ఆపరేషన్ అయి నొప్పి పదికి ఎనిమిది అంటున్నాయన. షుగర్ 250 ఉన్నావిడ. ఏళ్లనాటి ఊపిరితిత్తుల జబ్బుతో ఆక్సిజన్ 90 చూపిస్తున్న తాత. నిన్న థైరాయిడ్ ఆపరేషనై, ఇవాళ గాలి పీల్చినప్పుడల్లా గొంతులోంచి కీచుమని శబ్దం వస్తున్న అమ్మాయి. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు?

జవాబు ఆ అమ్మాయి. గొంతు వాచి గాలి దారి మూసుకుపోతోంది, నిమిషాల వ్యవహారం. తాతకి 90 అంటే ఆ జబ్బులో పర్వాలేదు. ఇదంతా నాకు తెలీక కాదు. మా వార్డులోనైతే నా కాళ్లు మోకాలాయన వైపే పోతాయి. ఆయన నొప్పిని చూసి కాదు, ఆయన బావమరిది నర్సింగ్ స్టేషన్ ముందు నిలబడి ఫోన్లో వీడియో తీస్తుంటాడు కాబట్టి. ఎన్‌క్లెక్స్ ఆస్పత్రిలో ఆ గోలేమీ లేదు. బీపీ మిషన్ ఏ వార్డువాళ్లు పట్టుకెళ్లారో వెతకక్కర్లేదు. ఆక్సిజన్ గోడలోంచే వస్తుంది. నలభై మందికి ఇద్దరు సిస్టర్లు కాదు, మన చూపంతా ప్రశ్నలో ఉన్న ఆ నలుగురి మీదే.

నన్ను ముంచింది మాత్రం ఇంకో ఆప్షన్: 'డాక్టర్‌కి తెలియజేయాలి'. అది కనపడితే చాలు, మౌస్ దానంతటదే అటు పోతుంది. పేషెంట్‌కి ఆయాసం, ఆక్సిజన్ 86కి పడింది, ముందు ఏం చేస్తావు? డాక్టర్‌కి చెప్తాను. తప్పు. మంచం తలవైపు పైకెత్తాలి, ఆక్సిజన్ పెట్టాలి, ఆ తర్వాతే ఫోను. "ఈ మనిషి ఇబ్బందిపడుతుంటే నీ చేతులతో నువ్వేం చేశావు?" అన్నది వాళ్ల ప్రశ్న. ఇక్కడ మాకు వినపడే ప్రశ్న వేరు: "నిన్నెవరు చెయ్యమన్నారు సిస్టర్?" అది ఒక్కసారైనా వినని సిస్టర్ ఉండదు. విన్న తర్వాత ఎవరైనా ఫోన్ దగ్గరికే పరిగెడతారు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క విషయంలో నాకు పరీక్ష మీద కోపం రాలేదు. కాస్త కుళ్లు పుట్టింది.

మళ్లీ రాయాలంటే మధ్యలో కనీసం 45 రోజులు ఆగాలని రూలు. అన్నాళ్లూ నా చేతికి చిక్కిన పేషెంట్ నాయనమ్మ. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, చెప్పిన మాట వినదు. ప్రాక్టీసుకి అంతకంటే ఏం కావాలి? పేషెంట్‌కి ఏదైనా బోధించేముందు వాళ్లకేం తెలుసో కనుక్కోవాలని సూత్రం. అమెరికా పుస్తకాల్లో ఉప్పు తగ్గించాలంటే డబ్బా సూపులు, నిలవ మాంసం మానాలని ఉంటుంది. ఆవకాయ జాడీ ఊసే లేదు. దాన్ని నేనే చేర్చుకుని మొదలెట్టా.

"నాయనమ్మా, ఉప్పు గురించి నీకేం తెలుసు?"

"నీకన్నా అరవయ్యేళ్లు ఎక్కువ తెలుసు. అన్నం పెట్టు."

ఇక మాట్లాడే పద్ధతి. దీనికి నాలుగు నిషేధాలున్నాయి. 'ఎందుకు' అని అడగకూడదు. 'ఏం కాదులే' అనకూడదు. సలహా ఇవ్వకూడదు. మాట మార్చకూడదు. ఈ నాలుగూ తీసేస్తే తెలుగులో మాట్లాడుకోడానికి ఏం మిగులుతుందో నాకైతే తెలీదు. మా మేనత్త విజయవాడ నుంచి ఫోన్ చేసి, ఒక్క గుక్కలో నాలుగూ చేసి చూపించింది: "ఎందుకు పోయిందే? డల్లాస్‌లో మా వాడి పక్కింటమ్మాయి మొదటిసారే పాసైందంట. ఏం కాదులే. నా మాట విని ఏదైనా మంచి కోచింగ్‌లో చేరు. అవునూ, సంబంధాలు చూస్తున్నారా?"

పరీక్షవాళ్లు చెప్పమనేది వేరే. పేషెంట్ మాటలో ఉన్న బాధని పట్టుకుని మళ్లీ వాళ్లకే అప్పజెప్పాలి, ఇంకా చెప్పమనాలి. నాయనమ్మ కాళ్లు లాగుతున్నాయే అన్నప్పుడు నేను పక్కన కూర్చుని, కళ్లలోకి చూస్తూ, "కాళ్లు లాగుతుంటే నీకు చాలా ఇబ్బందిగా ఉన్నట్టుంది. దాని గురించి ఇంకా చెప్పు" అన్నాను.

"చెప్పేదేముంది? నూనె రాయి."

రాశాను. అయినా రోజూ అదే ప్రయోగం. పోనుపోను నాయనమ్మకీ నోటికొచ్చేసింది. పాలవాడు రేటు పెంచాల్సొస్తోందమ్మా అంటే, "పెంచాలంటే నీకూ బాధగానే ఉన్నట్టుంది, ఇంకా చెప్పు" అంటోంది. వాడు బిత్తరపోయి పాత రేటుకే పోసి వెళ్లాడు.

మొన్న ఆదివారం నేను ప్రశ్నల మధ్యలో ఉండగా అత్త మళ్లీ ఫోన్ చేసింది. నాయనమ్మ ఎత్తి స్పీకర్లో పెట్టింది.

"డేటొచ్చిందా దానికి? ఈసారైనా పాసవుద్దా?"

"దాని పరీక్ష గురించి నీకు చాలా దిగులుగా ఉన్నట్టుందే" అంది నాయనమ్మ.

అవతల కాసేపు మాట లేదు. "నాకేం దిగులు?"

"ఊఁ. ఇంకా చెప్పు."

అత్త ఇంకా చెప్పింది. డల్లాస్ నుంచి తనొచ్చేశాక కొడుకు సరిగ్గా ఫోనే చెయ్యట్లేదని, కోడలు వీడియోకాల్లో మొహం చూపించకుండా సీలింగ్ చూపిస్తోందని, అంతంత సేపు విమానంలో కూర్చుని ఒళ్లు హూనమైందని, వచ్చిన దగ్గర్నుంచీ ఎడమకాలి పిక్క ఒక్కటే వాచి, ఎర్రగా, వేడిగా ఉంటోందని, పనమ్మాయితో గట్టిగా మర్దన చేయించుకోబోతున్నానని.

నేను పుస్తకం అక్కడే పడేసి ఫోన్ లాక్కున్నా. "అత్తా, మర్దన వద్దు! కాలు ముట్టుకోనివ్వకు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, రుద్దితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇప్పుడే మామయ్యని తీసుకుని ఆస్పత్రికి వెళ్లు."

అత్త ఆలోచించింది. "నువ్వు పరీక్ష తప్పావు కదే, నీ మాట వినొచ్చా? ఎవరైనా డాక్టర్నడిగి చెప్పరాదూ?"

ఇన్నాళ్ల చదువులో, డాక్టర్‌కి చెప్పడమే సరైన జవాబైన ప్రశ్న ఎట్టకేలకు ఒకటి తగిలింది. "ఆ డాక్టర్నే ఇప్పుడెళ్లి చూపించుకోమంటున్నా" అన్నాను.

సాయంత్రం కాలికి డాప్లర్ స్కాన్ తీశారు. గడ్డ ఉంది. చేర్చుకుని మందు మొదలుపెట్టారు. రాత్రి ఆస్పత్రి మంచం మీంచే అత్త ఫోన్ చేసింది, గొంతు హుషారుగా ఉంది.

"ఇక్కడి సిస్టర్నడిగానే, నువ్వు చెప్పింది కరెక్టేనంట. ఆ అమ్మాయి కూడా నీ పరీక్షే రాస్తోందంట. ఉండు, ఎన్ని మార్కుల్లో పోయిందో కనుక్కుని చెప్తా."