ముక్కలు ఎత్తొద్దు

సంక్రాంతికి అందరూ చేరితే మా ఇంట్లో దుప్పటి పరిచేది మూడుముక్కలాటకే. డబ్బు మాటే లేదు. పందెం చింతపిక్కలు, మనిషికి వంద. కొత్తగా కూర్చునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ముక్కలు ఎత్తి చూడకండి.

బ్లైండ్‌లో ఉన్నవాడు ఒక పిక్క వేస్తే చూసినవాడు రెండు వెయ్యాలి. అంటే ఒక్కసారి చూసిన పాపానికి ప్రతి చుట్టూ రెట్టింపు కట్టాలి. కట్టి ఏం చూస్తాం? యాభై రెండు ముక్కల్లోంచి మూడు ముక్కలు 22,100 రకాలుగా పడొచ్చు. వాటిలో 16,440 రకాల్లో జత ఉండదు, వరస ఉండదు, రంగూ కలవదు. నాలుగింట మూడుసార్లు ఉత్త ముక్కలే! రమ్మీకి నేర్పు కావాలిగానీ మూడుముక్కలాట కేవలం అదృష్టమేనని 1967లో సుప్రీంకోర్టే అంది, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులో. అదృష్టాన్ని ఎత్తి చూస్తే మారుతుందా?

అందుకే మా ఇంట్లో కట్టుబాటు మార్చాను. మొదటి మూడు చుట్లు ఎవరూ ముక్కలు ముట్టకూడదు. తర్వాత చూసినవాడు రెండు కాదు, మూడింతలు వెయ్యాలి. మధ్యలో గుట్టకు హద్దు లేదు. హద్దు పెడితే ఆట సరిగ్గా వేడెక్కే వేళకే షో చెయ్యాల్సొస్తుంది. చిన్న ముక్కలవాడే గెలిచే ముఫ్లిస్‌కీ ఇదే పద్ధతి.

పోయిన కనుమ రాత్రి చివరికి నేనూ మా బావా మిగిలాం. బావ ముక్కలు చూసి మోకాలి కింద పెట్టుకున్నాడు. మూడేసి పిక్కలు ముందుకు తోస్తున్నాడు, నేను ఒక్కోటే. నా ముక్కలు పంచినచోటే ఉన్నాయి, పైదాని మీద జంతిక నూనె మరకతో. "ఒక్కసారి చూడరా" అని అత్తయ్య పోరుతూనే ఉంది. ముప్పై పిక్కలయ్యాక షో అడిగాను. బావవి మూడు ఏడులు. మూడూ ఒకే అంకె పడేది 22,100లో 52 సార్లే. నావి తొమ్మిది, నాలుగు, రెండు.

చూసుంటే నాలుగో చుట్టులోనే పడేసేవాడినని అత్తయ్య అంటుంది. నేను ఒప్పుకోను. బావ గెలిచింది ఏడులతో, చూడటంతో కాదు.

ఈ కనుమకి మూడు కాదు, ఐదు చుట్లు బ్లైండే. మనిషికి నూటయాభై చొప్పున పిక్కలు కడిగి ఎండబెట్టేశాను కూడా.