మగ్గానికో కొరియా పాస్‌పోర్టు

బిడ్డ ఒకటి, తండ్రులు ముగ్గురు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో పుట్టిన కియా కార్ల ఫ్యాక్టరీ సంగతి ఇది. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్నది చంద్రబాబు, కాబట్టి బిడ్డ మాదేనంటుంది తెలుగుదేశం. 2019లో కుర్చీ మారగానే కియా వారి నుంచి కొత్త ముఖ్యమంత్రికి ఒక లేఖ అందింది. 2007లోనే రాజశేఖరరెడ్డి తమను రమ్మన్నారని అందులో ఉంది. అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన దాన్ని అసెంబ్లీలో చదివి వినిపించారు. మోదీ ఘనతను మరిచిపోయారేమని బీజేపీ అలిగింది. కొరియావాళ్లు వ్యాపారం తెలిసినవాళ్లు. ఎవరు కుర్చీలో ఉంటే వాళ్లింటి వైపు తిరిగి దండం పెట్టారు, కార్లు చేసుకుంటూ పోయారు.

కార్లు నిజంగానే వచ్చాయి, కాదనలేం. 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. వేరుశనగ ఎండిపోవడం తప్ప మరో వార్త ఎరగని నేలలో హైవే పక్కన కొరియా అక్షరాల బోర్డులు లేచాయి. దాదాపు 600 ఎకరాలు సేకరించి, ప్రభుత్వ ఖర్చుతో చదును చేసి ఇచ్చాం. శ్రీశైలం నుంచి హంద్రీనీవా మెట్లెక్కి వచ్చిన కృష్ణమ్మను గొల్లపల్లి రిజర్వాయరులో ఆపి, ఫ్యాక్టరీకి పైపు వేశాం. తాతల కాలం నుంచి వాన కోసం కప్పలకు పెళ్లిళ్లు చేసిన రైతులకు అప్పుడు తెలిసింది, నీళ్లు రావాలంటే పెళ్లి చేయాల్సింది కప్పలకు కాదని.

స్వాగత మర్యాదల్లో అప్పటి మన ఎంపీ గారిది ప్రత్యేక పద్ధతి. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొస్తుంటే అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. అప్పటి హిందూపురం ఎంపీ గోరంట్ల మాధవ్ మాత్రం మార్కర్ పెన్ను తీసి, స్థానికులకు ఉద్యోగాలేవని తగువు పెట్టుకుంటూ కారు మీదే ఇంగ్లీషులో రాసేశారు. మాజీ సీఐ గారు కదా, కొత్త బండికి కూడా చలానా రాయందే చేయి ఊరుకోలేదు. ఆర్నెల్లు తిరక్కుండానే ఫ్యాక్టరీ తమిళనాడుకు తరలిపోయే ఆలోచనలో ఉందని రాయిటర్స్ రాసింది. కంపెనీ కాదంది, ప్రభుత్వం కాదంది, తమిళనాడూ కాదంది. అయినా ఆ బిడ్డకు అంతమంది తండ్రులు ఒకేసారి మాయమైన రోజులు అవే. స్థానికులకు దక్కిందేమిటన్న ప్రశ్నకు 2025లో ఇంకో తీరుగా జవాబు దొరికింది. అయిదేళ్లలో దాదాపు 900 ఇంజన్లు ఫ్యాక్టరీ నుంచి గప్‌చుప్‌గా బయటికెళ్లాయని పోలీసులు తేల్చారు. ఎగుమతి లెక్కల్లో వాటిని కలిపారో లేదో!

కియా వచ్చింది సరే, రానివాటి జాతర చూడండి. 2005లో విశాఖకు వోక్స్‌వ్యాగన్ వస్తోందని వశిష్ఠ వాహన్ అనే బోర్డు చూసి 11 కోట్లకు పైగా కట్టేశాం. కారు పూణే వెళ్లింది, డబ్బు సంగతి సీబీఐ దాకా వెళ్లింది. హిందూపురం పక్కనే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జి హబ్ పేరుతో 8,844 ఎకరాలు రాసిచ్చాం. అక్కడ పుట్టిన నాలెడ్జి అంతా ఛార్జిషీట్లలోకే చేరింది. ఇదేమీ కొత్త జబ్బు కాదు. పెనుకొండ నుంచి చంద్రగిరికి మారిన అరవీటి రాజుల సామంతుడు దామెర్ల వెంకటాద్రి 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు తీరంలో జాగా ఇచ్చి, కోట కట్టుకోనిచ్చి, సుంకాల్లో సగం వాటా కూడా ఇచ్చాడు. మన చరిత్రలో పూర్తిగా అమలైన ఎంవోయూ అదొక్కటే.

ఇక ధర్మవరం. గుంత మగ్గంలో కాళ్లు దించి కూర్చుని, దేశమంతటా పెళ్లిళ్లకు పట్టు చీరలు పంపుతున్న ఊరు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉంది, ధర్మవరంలో చేతులున్నాయి, మధ్యలో ఏ కొరియా అక్కర్లేదు. తప్పు అక్కడే జరిగింది. 2019 డిసెంబరు 5న పెనుకొండలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా కియా ప్రారంభోత్సవం. అదే నెల 21న అదే ముఖ్యమంత్రి ధర్మవరం వచ్చి నేతన్న నేస్తం మొదలుపెట్టారు: సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు. ఒక చోట రాయితీ, ఇంకో చోట దయ. చేనేతకు కేటాయించిన రకాలను పవర్‌లూమ్‌లు నేయరాదని 1985 నాటి చట్టం చెబుతోంది. పవర్‌లూమ్‌కు చెవులు లేవు, అధికారులకు మగ్గం చప్పుడు వినబడదు.

అందుకే నాదొక సలహా. ధర్మవరం నేతగాడు సియోల్ వెళ్లి కంపెనీ పెట్టాలి. పేరు కొరియా భాషలో ఉండాలి, మనకు అర్థం కాకూడదు. తిరిగొచ్చి విజయవాడలో సూటు వేసుకుని, తన ఇంటి వసారాలో తన మగ్గమే పెట్టడానికి ఎంవోయూ అడగాలి. ఆ వసారాను సెజ్‌గా ప్రకటిస్తారు. జీఎస్టీ వెనక్కిస్తారు. గుంతను ప్రభుత్వ ఖర్చుతో తవ్విస్తారు. వానాకాలం గుంతలోకి ఊరే నీటిని కూడా పారిశ్రామిక నీటి సరఫరా కింద లెక్క రాస్తారు. చీర బయటికొచ్చిన రోజున ముగ్గురు నేతలు కొంగు పట్టుకుని ఫోటో దిగుతారు. ఆ మాజీ ఎంపీ గారు మాత్రం మార్కర్ ఇంట్లో పెట్టి రావాలి, పట్టు మీద మరక పోదు.

ఒక్కటే చిక్కు. పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు. దానికి సావుకారు దగ్గరే చేయి చాపాలి, ఆయన వచ్చే చీర కూలిలో విరగ్గోసుకుంటాడు.